రేసుకారులో చెడుగుడు

అమెరికా దక్షిణాదిలో, మా ఊరి రేసు మైదానంలో డాక్టరు లేనిదే ఇంజన్లు స్టార్ట్ చేయనివ్వరు. అంబులెన్సు ఉండాలి, ఫైరింజను ఉండాలి, డాక్టరు ఉండాలి. మొదటి రెండూ ఊళ్ళోనే ఉన్నాయి. మూడోది దొరక్క, ఎనభైల మొదట్లో ఆ పని నా నెత్తిన పడింది. మా ఆస్పత్రిలో తక్కిన డాక్టర్లందరికీ ఆదివారం చర్చి ఉండేది, చర్చి అయ్యాక గోల్ఫ్ ఉండేది. నాకు రెండూ లేవని అడ్మినిస్ట్రేటరు కనిపెట్టాడు. "మా కొత్త డాక్టరుగారు వస్తారు" అని రేసువాళ్ళకు నా తరఫున ఆయనే మాట ఇచ్చేశాడు. అప్పటికి ఆ ఊళ్ళో నేను కొత్త డాక్టరుగా ఉండబట్టి తొమ్మిదేళ్ళు.

జీతం లేదు. ఒక టోపీ ఇచ్చారు, ఎన్ని కావాలంటే అన్ని హాట్‌డాగులు తినమన్నారు. నేను శాకాహారిని.

మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గుడ్డు పెంకు వెంబడి తారురోడ్డు, దాని మీద ముప్పై కార్లు, ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ ఉంటాయి. మా వైద్యం ట్రైలరు గుడ్డులో పచ్చసొన ఉండే చోట. రేసు మొదలయ్యాక గేటు మూసేస్తారు, ఇక లోపలివాడు లోపలే. ముప్పై కార్లు మన చుట్టూ ప్రదక్షిణం చేస్తుంటే గర్భగుడిలో దేవుడికి ఎంత విసుగొస్తుందో నాకు అక్కడే తెలిసింది. ఆ మోత విన్నాక రెండు రోజుల దాకా మా ఆవిడ మాటలు వినపడేవి కావు. మూడో రోజు నుంచి వినపడేవి కానీ, ఆ సంగతి ఆవిడకు చెప్పేవాణ్ణి కాను.

ఎండ గురించి కూడా చెప్పాలి. రేసుకారు బానెట్ మీద దోసె పోశానని మా తెలుగువాళ్ళ విందుల్లో చాలాసార్లు చెప్పాను. పోసింది దోసె కాదు, ఆమ్లెట్టు. పోసింది నేను కాదు, ఒక మెకానిక్కు. తక్కినదంతా నిజం.

నేను చెప్పబోయేది ఆ ఏటి ఆఖరి రేసు సంగతి. ఆకులు రంగు మారాల్సిన రోజులే గానీ, ఆ మాట దక్షిణాది ఎండతో ఎవరూ అన్నట్టు లేదు. శనివారం రాత్రంతా ఎమర్జెన్సీలో డ్యూటీ చేసి, పొద్దున ఇంటికొచ్చి బూట్లు విప్పి, మళ్ళీ అవే బూట్లు వేసుకుంటున్నాను.

"ఏమండీ, మీకు నిద్ర అనేది ఒకటుందని గుర్తుందా?" అంది మా ఆవిడ.

"అక్కడ కూర్చునే కునుకు తీస్తాలే."

"ముప్పై కార్ల మధ్యా?"

"నీ పక్కన అలవాటయింది కదా."

ఆ మాటకు మజ్జిగ థర్మాసు చేతికివ్వడానికి బదులు బల్ల మీద కాస్త గట్టిగా పెట్టింది. అంతకుమించి గొడవ పడే ఓపిక మా ఇద్దరికీ లేదు.

ఆ రోజు నాతో పాటు ఒక మిత్రుడు వచ్చాడు. పక్క ఊరి ఆస్పత్రిలో మత్తుమందు డాక్టరు, వరంగల్ వైపువాడు, నా కంటే పదేళ్ళు చిన్న. కారు రేసు ఎన్నడూ చూడలేదు, చూపించమని వెంటపడ్డాడు. గేటు మూసేశాక వెళ్ళనివ్వరని నేను ముందుగా చెప్పలేదు. చెబితే రాడు, నాకు తోడు దొరకదు.

ఇంకా జనం పూర్తిగా నిండలేదు. ట్రైలరు మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగుతున్నాం. అప్పుడొచ్చాడు డ్రైవరు, వెనకే అతని భార్య, ఆమె వెనక ఆమె తమ్ముడు. డ్రైవరుకు యాభై దాటాయి. కొబ్బరిచెట్టంత పొడుగు. ఇరవై ఏళ్ళ పాటు ఎడమకే తిరిగి తిరిగి మెడ ఒక పక్క కండపట్టి ఉంటుంది. కిందటి ఆదివారం వేరే ఊళ్ళో గోడను కొట్టాడు. కుడివైపు రెండు పక్కటెముకలు చిట్లాయి. ఎక్స్‌రే తీసింది నేనే, ఆరు వారాలు కారు ముట్టుకోవద్దని చెప్పిందీ నేనే.

వాళ్ళది పల్లెటూరి ఇంగ్లీషు. నా చెవికి అది మా పల్నాటి మాటలాగే వినపడేది కాబట్టి, ఇక్కడ కూడా అలాగే రాస్తున్నాను.

"ఒక్క చుట్టు, డాక్. ఒకే ఒక్క చుట్టు. ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు నన్ను కట్టి పడెయ్."

వాళ్ళ రేసుల్లో ఒక పద్ధతి ఉంది. కారును మొదలుపెట్టింది ఎవరో, పాయింట్లన్నీ వాళ్ళవే. ఆకుపచ్చ జెండా ఊపాక మొదటి డ్రైవరు ఒక చుట్టు తిరిగి, సీటు ఇంకొకడికి ఇచ్చి దిగిపోయినా, ఆ కారు ఎన్నో స్థానంలో వస్తే ఆ స్థానం మొదటివాడిదే. ఆ ఏడాది పట్టికలో ఇతను పదోవాడు. పదకొండోవాడు అతని మడమల దగ్గరే ఉన్నాడు. కారు యజమాని కోళ్ళఫారాలున్న ఆసామి. సీజన్ ముగిసేసరికి మొదటి పదిమందిలో లేకపోతే వచ్చే ఏడాది వేరే డ్రైవరును చూసుకుంటానని ముందే చెప్పేశాడు. యాభై దాటిన మనిషికి ఇంకో యజమాని దొరకడు. అంటే ఈ రేసుతో అతను వచ్చే ఏడాది ఆ సీట్లో ఉంటాడా, ఇంట్లో ఉంటాడా తేలిపోతుంది.

"మధ్యలో ఎక్కేది ఎవరు?" అన్నాను.

బావమరిది చెయ్యెత్తాడు. ముప్పై అయిదేళ్ళవాడు, పొట్టి, నోట్లోంచి మాట ఊడిపడదు. అతనికి సొంత కారుంది గానీ, దాని ఇంజను ముందురోజు క్వాలిఫయింగ్ అనే అర్హత పరుగులోనే పేలిపోయింది.

మొదటి పసుపు జెండాకే దిగిపోవాలని షరతు పెట్టాను. ఎక్కడైనా కారు గోడకు కొట్టుకుంటే పసుపు జెండా ఊపుతారు, అందరూ నెమ్మదిగా నడుస్తారు. ఆ సమయంలో దిగితే పెద్దగా నష్టముండదు. మామూలుగా పరుగెత్తేటప్పుడు ఆగితే మటుకు మూడు చుట్లు వెనకబడినట్టే, పదో స్థానం పోయినట్టే. డ్రైవరు సరేనన్నాడు. అతని భార్య మాత్రం నా మొహంకేసి చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ నొప్పితో కారు కిటికీలోంచి ఎక్కడమే కష్టం. రేసుకార్లకు తలుపులుండవు. మా మిత్రుడు అతన్ని ట్రైలరులో కూర్చోబెట్టి, పక్కటెముకల కింద నరాలకు సూది మందు ఇచ్చాడు. కాసేపటికి డ్రైవరు గట్టిగా ఊపిరి పీల్చి, వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"అన్నా," అన్నాడు మిత్రుడు చేతులు కడుక్కుంటూ, తెలుగులో. "నొప్పి తెల్వదు, మంచిదే. గానీ ఎముక మొన పోయి ఊపిరితిత్తికి గుచ్చుకుంటే గది గూడ తెల్వదు గదా. మనకెట్ల తెలుస్తది?"

నాకూ అదే బెంగ. కారులో రేడియో ఉంది, దాని జత అతని భార్య చేతిలో ఉంది. దాంట్లో గాలి సరిగా ఆడుతోందా అని అడిగితే ఆడుతోందనే అంటాడు, కారు నిప్పంటుకున్నా అలాగే అంటాడు. అతను దాచలేని పరీక్ష కావాలి. అప్పుడు నాకు చెడుగుడు గుర్తొచ్చింది. కూత పట్టి అవతలి గీత దాటి వెళ్ళినవాడు ఊపిరి బిగబట్టి కూత ఆపకుండా తిరిగి రావాలి. కూత తెగితే అవుట్. అంతకంటే మంచి ఊపిరితిత్తుల పరీక్ష ఏ మెడికల్ కాలేజీలోనూ చెప్పలేదు.

"అవతలి వైపు తిన్నని రోడ్డు మొదట్లో రేడియో బటన్ నొక్కి, ఒక్క ఊపిరిలో ఈ మాట అంటూ మలుపు దాటాలి. ఐదారు చుట్లకోసారి. చెడుగుడు, చెడుగుడు, చెడుగుడు..."

"కబడ్డీ అని చెప్పరాదే!" అన్నాడు మిత్రుడు. "లోకమంత కబడ్డీ అంటది. మీ కోస్తోళ్ళు ఒక్కలే చెడుగుడు అంటరు."

"కబడ్డీ పెదాలతో పలకాలి. హెల్మెట్ పట్టీ బిగిస్తే పెదాలు ఆడవు. చెడుగుడుకు నాలుక చాలు."

"గిప్పుడే పుట్టిచ్చినవ్ గదా ఆ సైన్సు?"

"ఇప్పుడే."

డ్రైవరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాలుగుసార్లు సాధన చేశాడు. చెడుగుడు అతని నోట్లో 'చెరుగురు' అయింది. ఊపిరికి అదేం అడ్డం కాదు.

ఆకుపచ్చ జెండా ఊపారు. అతను ఒక చుట్టు తిరిగాడు. పాయింట్లు అతనివయ్యాయి. ఇక మేం చేయాల్సిందల్లా పసుపు జెండా కోసం చూడడమే.

అది రాలేదు. మామూలు ఆదివారాల్లో కాఫీ చల్లారేలోగా ఒకడు గోడకెక్కేవాడు. ఆ రోజు మాత్రం ముప్పైమందీ ఊరేగింపులో పెళ్ళికొడుకుల్లా ఒద్దికగా నడిపారు. నేను కార్లతో పాటు తల తిప్పీ తిప్పీ అలసిపోయి, తిప్పడం మానేసి, ఒకే మలుపు చూస్తూ కూర్చున్నాను. కళ్ళల్లో రబ్బరు పొడి. నాలుక మీద పెట్రోలు రుచి. ఎవడో ఒకడు బండి తిప్పేసుకుంటే బాగుండునని, వైద్యం చదువుకున్న మనిషిని, కూర్చుని దేవుణ్ణి కోరుకున్నాను. మనిషికి ఏమీ కాకూడదు, కారు మాత్రం చెడిపోవాలి అని వివరంగానే కోరుకున్నాను. అయినా కోరుకున్నది ప్రమాదమే కదా. రాత్రంతా ఎమర్జెన్సీలో దెబ్బలు కుట్టి వచ్చి, పగలు ఇంకో దెబ్బ కోసం ఎదురుచూడడం ఏం బతుకో అనిపించింది.

ఐదారు చుట్లకోసారి రేడియోలో కూత వినపడేది. "చెరుగురు చెరుగురు చెరుగురు..." తిన్నని రోడ్డంతా సాగి, మలుపు దాటి, తెగేది. బాగుంది.

రెండు జట్ల అవతల ఎవరో మా రేడియో వింటున్నట్టున్నారు. వాళ్ళ మేస్త్రీ లాంటివాడు, క్రూ చీఫ్ అంటారు, నెమ్మదిగా నడిచి వచ్చి మా మిత్రుణ్ణి అడిగాడు.

"ఆ కోడ్ ఏంది?"

"టైర్లల్ల గాలి లెక్క," అన్నాడు మావాడు మొహంలో ఏమీ కనపడనీయకుండా.

ఆ తర్వాత ఆ జట్టువాళ్ళు కుడి వెనక టైరులో గాలి తగ్గించి, చేజేతులా రేసు పోగొట్టుకున్నారని నేను న్యూజెర్సీ దాకా చెప్పుకొచ్చాను. తగ్గించారో లేదో నిజానికి నేను చూడలేదు. నాకు అటు నడిచే ఓపిక కూడా లేదు.

చివరికి పసుపు జెండా వచ్చింది. రెండో మలుపులో ఒకడు గోడను రాసుకుంటూ పోయి అడ్డంగా ఆగాడు. నేను కోరుకున్నదే. కానీ నేను మరిచిపోయినదొకటుంది. ప్రమాదం జరిగితే అంబులెన్సులో వెళ్ళాల్సింది నేనే. సైరనుతో అక్కడికి పోతే, ఆ మనిషి కారు దిగి, చేతితొడుగులు నేలకేసి కొడుతూ తిరుగుతున్నాడు. స్ట్రెచరు ఎక్కమంటే నన్నే ఎక్కమన్నాడు. కళ్ళల్లో టార్చి వేసి చూడడానికి అతని వెనక నేను మూడు ప్రదక్షిణలు చేయాల్సి వచ్చింది.

తిరిగొచ్చేసరికి రేసు మళ్ళీ ఊపందుకుంది. మా ట్రైలరు పక్కన, పేర్చిన టైర్ల మీద బావమరిది కూర్చుని ఉన్నాడు, హెల్మెట్ తలకే ఉంది.

"దిగలేదన్నా," అన్నాడు మిత్రుడు. "పెట్రోలు పోయించుకున్నడు, టైర్లు మార్పిచ్చుకున్నడు, పోయిండు. ఈయనేమో కిటికీ దాక పోయి నిలవడ్డడు. ఆయన మొఖం గూడ తిప్పలే."

నాకు ఒళ్ళు మండింది. అతని భార్య దగ్గర రేడియో లాక్కున్నంత పని చేశాను.

"ఏమయ్యా, మాటిచ్చావు కదా?"

"ఇంకో పసుపు జెండా వస్తుందిలే, డాక్."

"అప్పుడు దిగుతావా?"

అతని భార్య రేడియో నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది.

"దిగడు," అంది. "నాకు పొద్దుననే తెలుసు. పాయింట్లు పోతాయని కాదు ఆయన భయం. పాయింట్లు ఎట్టాగూ ఆయనవే. ఆ సీట్లో మా తమ్ముడు కూర్చుంటే యజమాని చూస్తాడు. అది భయం."

టైర్ల మీద ఉన్నవాడు విన్నాడు. "బావ దిగితే ఎక్కుతా. దిగమని మాత్రం నేనడగను," అన్నాడు. అంతసేపట్లో అతను మాట్లాడింది అదొక్కటే.

అక్కడి నుంచి మధ్యాహ్నం ఎంత సాగిందో చెప్పలేను. కునుకు పట్టేది, కూత వినపడగానే మెలకువ వచ్చేది. మిత్రుడు గేటు ఎప్పుడు తెరుస్తారని మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడగడం మానేశాడు. డ్రైవరు బాగానే నడుపుతున్నాడు, పదకొండోవాడి కంటే ముందే ఉన్నాడు. కూత మాత్రం మలుపు దాకా వచ్చి ఆగుతోంది. తర్వాత మలుపు కంటే ముందే తెగింది. ఆ తర్వాత అసలు వినపడలేదు.

"కూత ఏది?" అన్నాను రేడియోలో.

"రేడియో... సరిగా లేదు, డాక్."

రేడియో బంగారంలా ఉంది. ఆ నాలుగు మాటలకు అతను మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. ఆ తీసుకున్నది మాకు స్పష్టంగా వినపడింది. మా మిత్రుడు నాకేసి చూశాడు, వేళాకోళం లేకుండా.

"అన్నా, నిండుతున్నది. ఊపిరితిత్తిల గాలి కారి ఎదల చేరుతున్నది."

జెండాల అధికారి దగ్గరికి నడిచాను. నల్లజెండా చూపిస్తే ఆ కారు లోపలికి వచ్చి తీరాలి. డాక్టరు అడిగితే చూపిస్తారు.

"డాక్, ఇప్పుడు పసుపు జెండా లేదు," అన్నాడు ఆయన. "మూడు చుట్లు పోతాయి. ఆయనకు ఆ పదో స్థానం ఏమిటో నీకు తెలుసా?"

"తెలుసు."

"నువ్వే చెప్తున్నావు, నేను కాదు."

"నేనే చెప్తున్నాను."

ట్రైలరు దగ్గరికి వస్తూ అతని భార్యను చూడడానికి భయపడ్డాను. ఆమె అప్పటికే తమ్ముడి హెల్మెట్ పట్టీ బిగిస్తోంది.

నల్లజెండాకు లోబడి కారు వచ్చింది. ఇద్దరు మెకానిక్కులు ఎడమ చంక కింద పట్టుకుని అతన్ని కిటికీలోంచి లాగారు. పెదాలు నీలంగా ఉన్నాయి. బావమరిది కాళ్ళు ముందుగా పెట్టి లోపలికి జారాడు. పెట్రోలు నిండా పోసి వదిలారు.

ట్రైలరులో కూర్చోబెట్టి స్టెతస్కోపు పెడితే కుడివైపు నిశ్శబ్దం. మేమిద్దరం కలిసి పక్కటెముకల మధ్య గొట్టం దించాం. గాలి బుస్సుమని బయటికొచ్చింది. కాసేపటికి పెదాలకు రంగు తిరిగింది. గేటు తెరిపించి ఆస్పత్రికి పంపనా అని అడిగాను.

"గేటు తెరవాలంటే రేసు ఆపాలి," అన్నాడు. "వద్దు."

నాడి నిలకడగా ఉంది, ఊపిరి ఆడుతోంది. నేనూ ఒప్పుకున్నాను. అతన్ని ఒప్పించే శక్తి నాలో మిగల్లేదన్నది కూడా నిజమే.

ట్రైలరుకు కిటికీ ఉంది గానీ, దాంట్లోంచి కనిపించేది ఫైరింజను ఒక్కటే. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. ముప్పై కార్ల మోతలో తన కారు మోత ఎలా పట్టుకున్నాడో గానీ, అది మా ట్రైలరు వెనక మలుపుకు వచ్చిన ప్రతిసారీ అతని వేలు దుప్పటి మీద కదిలేది.

"నేను అక్కడ పెడల్ మీంచి కాలు తీసేవాణ్ణి," అన్నాడు కాసేపటికి.

"ఎక్కడ?"

"మలుపు ముందర. వాడు తీయట్లేదు. ఇంకా లోపలికి పోయాక తీస్తున్నాడు." మళ్ళీ విన్నాడు. "పోయినసారి కంటే ఇంకా లోపలికి."

"ప్రమాదం కాదా?"

"నాకయితే ప్రమాదమే," అన్నాడు.

మైకులో వార్తలు వస్తూనే ఉన్నాయి. మూడు చుట్లు వెనక. తర్వాత పదకొండోవాడు పెట్రోలుకు ఆగాడు, వాడికీ పసుపు జెండా దొరకలేదు, వాడూ వెనకబడ్డాడు. మా కారుకు అప్పటికే నింపారు కాబట్టి ఇక ఆగనక్కర్లేదు. బావమరిది వాణ్ణి చుట్టు తర్వాత చుట్టు దగ్గరికి లాక్కున్నాడు. ఇంక కాసేపట్లో రేసు ముగుస్తుందనగా దాటేశాడు. మైకువాడు డ్రైవరు పేరే చెప్పాడు, కారు మొదలుపెట్టింది అతను కనుక. బయట జనం అరిచారు. లోపల అతను కళ్ళు తెరవలేదు.

రేసు అయ్యాక ముందు యజమాని వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పదిలోనే ఉన్నావు," అన్నాడు. "మాటంటే మాటే. వచ్చే ఏడాది కారు నీది." చెప్పి, గొట్టంకేసి ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన నిజాయితీపరుడే. అబద్ధం చెప్పవలసిన అవసరం నాకు ఇక్కడ లేదు.

భార్య మంచం అంచున కూర్చుని భర్త చెయ్యి పట్టుకుంది. ఏడ్చిందో చెమటో నాకు తెలియలేదు, మా అందరి మొహాలూ మసితోనే ఉన్నాయి. అంతలో బావమరిది లోపలికి వచ్చాడు. ఇంజను వేడికి మెడ దాకా ఎర్రగా ఉడికిపోయి, గుమ్మంలోనే నిలబడ్డాడు, ఏదో తప్పు చేసినవాడిలా.

డ్రైవరు కళ్ళు తెరిచి అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"పెడల్ ఎట్టా అందింది నీకు? ఆ సీటు నా కాళ్ళకు బిగించింది."

"వీపు వెనక తువ్వాలు మడిచి పెట్టుకున్నా, బావా."

డ్రైవరు అతని పొట్టి కాళ్ళకేసి చూశాడు. గొట్టంలో గాలి బుడగలు లేచే చప్పుడు వినపడింది.

"ఏడాదంతా తువ్వాలుతో నడపలేవు," అన్నాడు. "రేపు ఆ బోల్టులు విప్పి సీటు ముందుకు జరుపుకో. యజమానితో నేను చెప్తాలే."

అతని భార్య తల తిప్పి ఫైరింజనుకేసి చూసింది. గేటు తెరిచినట్టున్నారు, అంబులెన్సు వెనక్కి వస్తున్న చప్పుడైంది. నేను ఏమీ విననట్టు, అక్కర్లేకపోయినా, అతని చేతికి రక్తపోటు పట్టీ మళ్ళీ చుట్టాను.